స్వెటరుకి అంటుకున్న నవ్వు

పొద్దున తొమ్మిదింటికల్లా ఎడిటింగ్ గదిలో ఏసీ వేసేస్తారు. మెషిన్లు వేడెక్కకూడదు, మనుషులు గడ్డకట్టుకుపోయినా ఫర్వాలేదు. అందుకే ఆమె మండువేసవిలో కూడా బూడిదరంగు ఉన్ని స్వెటరు వేసుకుని కూర్చునేది. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ. ఆఫీసులో అందరూ కత్తెరక్క అని పిలిచేవారు. ఎక్కడ కోస్తే చూసేవాళ్ళకి ఏడుపొస్తుందో, ఎక్కడ అతికిస్తే ఒళ్ళు మండుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వంగా కూడా ఉండేది.

సాయంత్రం డ్యూటీ దిగేసరికి గేటు దగ్గర తాత బ్రష్షు పట్టుకుని నిలబడి ఉండేవాడు. రోజంతా కోసి పారేసిన మాటలూ నవ్వులూ ఎడిటర్ల బట్టలకి గడ్డిగింజల్లా పట్టుకుంటాయి కదా, వాటిని దులిపి ఇంటికి పంపడం ఆయన పని. "చేతులు చాపమ్మా" అనేవాడు. భుజం మీంచి ఎవరిదో సగం దగ్గు, మోచేతి దగ్గర్నుంచి "అబ్బ, కాఫీ చల్లారిపోయింది" అన్న మాట రాలి డబ్బాలో పడేవి. డబ్బా కాసేపు గొణిగి ఊరుకునేది.

ఆ యేడు వాళ్ళ చానెల్లో 'ఒకే కప్పు కింద' అనే షో నడుస్తోంది. పదిమందిని ఒక ఇంట్లో పెట్టి, గది గదికీ కెమెరాలు బిగించి, వాళ్ళు తినేదీ తిట్టుకునేదీ చూపించడం. ఆ పదిమందిలో ఒక నర్సు ఉంది. నల్లగా, పొడుగ్గా ఉంటుంది. వాళ్ళది తాతల కాలంలో సముద్రం అవతల్నించి వచ్చి స్థిరపడిన జాతి. వాళ్ళంటే ఊళ్ళో ఒక ముద్ర పడిపోయింది. గొంతు పెద్దదట, కోపం ముక్కు మీదే ఉంటుందట, ఆడవాళ్ళయితే మరీనట.

మొదటి వారం చిత్రీకరించింది చూసి ప్రొడ్యూసర్ పెదవి విరిచాడు.

"ఇదేంటక్కా, ఈ నర్సమ్మ అందరికీ దుప్పట్లు కప్పుతూ తిరుగుతోంది? తెల్లగా ఉన్న ఆ మోడలు పిల్ల ఏడవాలి, ఈవిడ అరవాలి. జనానికి తెలిసిన కథ చూపిస్తేనే కదా కూర్చుని చూస్తారు. నువ్వేదో ఒకటి చెయ్యి."

చేసింది. నిజానికి ప్లేటు విసిరికొట్టింది మోడలు పిల్ల. నర్సు ముక్కలు ఏరుతూ, "పోనీలే, ప్లేటేగా! నీ చెయ్యి తెగలేదు కదా?" అని పకపకా నవ్వింది. కత్తెరక్క ఆ మాటా ఆ నవ్వూ తీసేసింది. అంతకు మూడు రోజుల ముందు ఈగని చూసి నర్సు కనుబొమలు ముడేసిన ముఖం తెచ్చి, ప్లేటు పగిలిన చప్పుడు పక్కన పెట్టింది. ఆ వెనకాలే మోడలు పిల్ల కన్నీళ్ళు. మొత్తం పదకొండు సెకన్లు. ప్రొడ్యూసర్ చప్పట్లు కొట్టాడు.

మర్నాటికి నర్సుకి 'ఉరుము' అని పేరు పడిపోయింది. అదే ఇంట్లో ఒక కుస్తీ మాస్టారు రోజూ బల్ల గుద్ది మాట్లాడేవాడు. ఆయన్ని మాత్రం లీడరన్నారు. సాయంత్రం వచ్చే కబుర్ల ప్రోగ్రాంలో ఇద్దరు యాంకర్లు, "ఉరుముగారి మొగుడు ఇంట్లో హెల్మెట్ పెట్టుకుని తిరుగుతాడేమో!" అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కత్తెరక్క భర్త ఆ జాతి మనిషే. ఓడలో మెకానిక్కు, ఏడాదికి రెండుసార్లు ఇంటికొస్తాడు. గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని ఫోన్లో కూడా గుసగుసలాడే మనిషి. తొమ్మిదేళ్ళ కూతురికి అచ్చం ఆయన రంగే, ఆయన జుట్టే. కాబట్టి ఆ పదకొండు సెకన్లు ఆమె తెలియక చేసినవి కావు. చెయ్యి తిరిగిన పని, చేతులు చేసుకుపోయాయి. మనసు పక్కకి తిరిగి కూర్చుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం, ఆ ప్లేటు సీనునే ప్రోమో కోసం మళ్ళీ కోస్తుండగా, స్కూలు నుంచి ఫోనొచ్చింది. పాప తోటిపిల్లని తోసిందట, వచ్చి తీసుకెళ్ళమన్నారు. ఉన్నపళాన పరిగెత్తింది. గేటు దగ్గర తాత "అమ్మా, దులపాలి!" అని కేకేస్తున్నా ఆగలేదు.

టీచరు చాలా మర్యాదగా మాట్లాడింది. "పాప తెలివైందేనండీ. కోపమే కాస్త... అంటే, వాళ్ళ నాన్నగారి వైపు..." అని మిగతాది మింగేసింది.

పాప గోడకానుకుని నిలబడి ఉంది. "పెన్సిలు ఇచ్చెయ్యమని అడిగానమ్మా. మూడుసార్లు అడిగాను. చిన్న ఉరుము వచ్చింది, చిన్న ఉరుము వచ్చింది అని అందరూ అరిచారు. అప్పుడు తోశాను."

కత్తెరక్క టీచరుతో "సరేనండి" అంది. ఆ ముక్క అన్నందుకు దారిపొడుగునా చెవులు కాలుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక పాప అలిసిపోయి తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. కాసేపటికి లేచి కూర్చుంది.

"అమ్మా, నీ స్వెటర్లో ఎవరో నవ్వుతున్నారు."

చంక దగ్గర ఉన్నిలో చిక్కుకున్నదాన్ని పాప రెండు వేళ్ళతో పట్టి లాగింది. "పోనీలే, ప్లేటేగా! నీ చెయ్యి తెగలేదు కదా?" అన్న మాటా, వెనకే ఆ నవ్వూ గదంతా నిండాయి. పాపకి కూడా నవ్వొచ్చింది.

"ఎవరమ్మా ఈవిడ?"

"నర్సు."

"ఏ నర్సు?"

చెప్పక తప్పలేదు. "ఉరుము."

"ఉరుము నవ్వదుగా?"

"నవ్వుతుంది."

"మరి టీవీలో ఎందుకు నవ్వలేదు?" అని ఆగి, తల్లి ముఖంలోకి చూసింది పాప. "నువ్వు తీసేశావా?"

తల్లి తలూపింది. పాప ఏడవలేదు, అలగలేదు. ఆ నవ్వుని తీసిన చోటే స్వెటరుకి జాగ్రత్తగా అంటించి, లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి కత్తెరక్క గేటు దగ్గర దులిపించుకోలేదు. "ఇవాళ వద్దు తాతా" అనేది. తాత బ్రష్షు చంకలో పెట్టుకుని దారిచ్చేవాడు. అలాగని పని మానేసిందా అంటే, లేదు. అంత ధైర్యం ఇంకా రాలేదు. కోస్తూనే ఉంది, కోసినవి ఇంటికి మోసుకొస్తూనే ఉంది. స్వెటరు తడిసిన కంబళిలా బరువెక్కింది. రెండు వారాలకి జనం ఓట్లేసి నర్సుని ఆ ఇంట్లోంచి పంపేశారు.

ఆ తర్వాతి ఆదివారం చిరునామా వెతుక్కుంటూ నర్సు ఇంటికి వెళ్ళింది.

"ఆ షో ఎడిటర్నండి. మీవి కొన్ని నా దగ్గరుండిపోయాయి. ఇచ్చేద్దామని."

స్వెటరు మీంచి నర్సు గొంతే "అందరూ తిన్నారా?" అని అడుగుతోంది. నర్సు కాసేపు విని, తల అడ్డంగా ఊపింది.

"నావి నాకెందుకమ్మా? నేనేమన్నానో నాకు తెలుసు. నన్ను డయాలసిస్ వార్డులోంచి తీసేసి స్టోర్లో కూర్చోబెట్టారు. పేషెంట్లు జడుసుకుంటున్నారట. డ్రాయింగ్ మాస్టారని ఒకాయన ఉన్నారు. మూడేళ్ళు వారానికి మూడుసార్లు ఆయనకి సూది గుచ్చింది నేనే. ఆయన కూడా నన్ను వద్దన్నారు. మీ అతుకు బాగా కుదిరింది."

"క్షమించండి" అంది కత్తెరక్క.

"నాకు చెప్పడం తేలిక. చూసినవాళ్ళకి చెప్పండి." తలుపు మెల్లగానే వేసింది. దభాలున వేసినా కొంత బాగుండేది.

సోమవారం కత్తెరక్క పనికి వెళ్ళలేదు. పాప స్కూలు అయ్యాక ఇద్దరూ నర్సు పనిచేసే ఆస్పత్రికి వెళ్ళారు. డయాలసిస్ వార్డులో సాయంత్రం బ్యాచి అప్పుడే మంచాలెక్కుతోంది. కిటికీ పక్క మంచం మీద డ్రాయింగ్ మాస్టారి ఎడమచెయ్యి మోచేతిదాకా కమిలిపోయి ఉంది. కొత్త నర్సు రెండుసార్లు గుచ్చి, నరం దొరక్క దూది అదుముతోంది.

కత్తెరక్క వార్డు నడిమధ్య నిలబడి స్వెటరు విప్పి విదిలించింది. నవ్వులు మంచాల కిందికి దొర్లిపోయాయి. తిన్నారా అన్న పలకరింపులు, దుప్పటి కప్పుకోమన్న కసుర్లు నేలంతా పరుచుకున్నాయి. చివర్న మెడపట్టీ దగ్గర్నుంచి ఒక మాట ఊడి మాస్టారి మంచం మీద పడింది.

"మా డ్రాయింగ్ మాస్టారు ఎలా ఉన్నారో! ఆయనకి నరం ఓ పట్టాన దొరకదు. మెల్లగా తడిమి చూడాలి. కొత్తవాళ్ళు తెలీక పొడిచేస్తున్నారేమో పాపం."

మాస్టారు దిండు మీంచి తల ఎత్తాడు.

"ఇది టీవీలో రాలేదే?" అన్నాడు మాస్టారు.

"తీసేశారండి" అంది కత్తెరక్క. తలుపు దగ్గర పాప తనవైపే చూస్తోంది. "తీసేశారు కాదు. నేనే తీసేశాను. ప్లేటు పగలగొట్టింది ఆవిడ కాదు. ఆ ముఖం ఈగని చూసిన ముఖం. నేనే తెచ్చి అతికించి పదకొండు సెకన్ల ముక్క చేశాను. అబద్ధమని తెలిసే చేశాను."

ఎవరూ తిట్టలేదు. తిడతారని ఒళ్ళంతా బిగబట్టుకున్న మనిషి అలాగే నిలబడిపోయింది. మాస్టారు ఆమె వంక చూడనేలేదు.

"మూడేళ్ళు" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. "మూడేళ్ళు చూశాను ఆ అమ్మాయిని. మీరు పదకొండు సెకన్లు చూపిస్తే సరిపోయిందా నాకు!" తర్వాత హెడ్ నర్సు వైపు తిరిగి, "ఆవిణ్ణి పిలవండమ్మా. వద్దన్నది నేనే. నేనే అడుగుతున్నాను" అన్నాడు.

నర్సు వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని కూర్చుని, కమిలిన చేతిని తన అరచేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమి చూసింది. పాప తల్లిని దాటుకుని మంచం దాకా వెళ్ళి, ఆ వేళ్ళనే చూస్తూ నిలబడింది. సూది ఒక్కసారికే దిగింది.

"నొప్పి పుట్టిందా మాస్టారూ?"

"లేదమ్మా" అన్నాడాయన, ముఖం గోడవైపు తిప్పుకుని.