ఎడమకి లాగే సైకిలు

కలప డిపోలో మార్పిడికి నియమాలు మూడే. ఇనుముకి ఇనుమే, మధ్యలో డబ్బు మాట రాకూడదు. ఇచ్చేవాళ్ళు తమ సైకిలుకున్న లోపం ఒక్కటైనా అందరి ముందూ నోరు తెరిచి చెప్పి ఇవ్వాలి. చెప్పకుండా దాచిన లోపం వచ్చే ఆదివారంలోగా బయటపడితే ఎవరి బండి వాళ్ళది, దాచినవాళ్ళు మళ్ళీ డిపో గేటు దాటకూడదు.

పాతకాలపు ఉక్కు సైకిళ్ళ పిచ్చి పట్టినవాళ్ళు ఆదివారం పొద్దున్నే అక్కడ చేరతారు. కొందరు గొట్టాలు తెచ్చుకుని సొంతంగా ఫ్రేము కట్టుకుంటారు. కొందరు పాత సామాన్ల కొట్టులో దొరికిందానికి ప్రాణం పోస్తారు. దుంగల మీద కూర్చుని ఒకరి బండి ఒకరు తిప్పి చూసుకుంటారు, మనసైతే మార్చుకుంటారు, ఎండెక్కేలోగా వరసగా ఊరు దాటి తొక్కి వస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు దాన్ని తుప్పు సంఘం అంటారు.

ఆ సంఘంలో ఆకురాయి ఒకడు. కడుపు నింపే పని పంపు మోటార్లు బాగుచేయడం. ఏ ఫ్రేము చేతికొచ్చినా ముందు ఆకురాయి తీసుకుని, అక్కర్లేదనిపించిందల్లా అరగదీసి పారేస్తాడు గనక ఆ పేరు స్థిరపడింది. మాటల్ని కూడా అలాగే అరగదీసి పారేశాడని ఆయన భార్య బాధ.

పోయిన ఆదివారం ఆకురాయి తన నీలం సైకిలు ఇచ్చి మిషనక్క నల్ల సైకిలు తీసుకున్నాడు. మిషనక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వీధి వీధీ సైకిలు మీదే తిరుగుతుంది. నీలం బండి ఆకురాయి స్వయంగా కట్టుకున్నది, చంటిపిల్లలా చంకన పెట్టుకోవచ్చు. మూడో అంతస్తుకి బండి మోయలేక మోకాళ్ళు అరిగిపోయిన మిషనక్కకి అదే కావాలి. ఆకురాయికేమో నల్లబండి గొట్టాలు కలిసే మూలల మీద కన్నుపడింది. అక్కడి తొడుగుల అంచులు ఆకుల కొసల్లా పలచగా, ఒకదానికొకటి తోబుట్టువుల్లా ఉన్నాయి. అంత ఓపికైన చెయ్యి ఆయన ఎక్కడా చూడలేదు.

"నీలందానికి వానలో చైను జారుతుంది," అని ఆయన తన లోపం చెప్పాడు.

"నాదానికి గంట మోగదు తమ్ముడూ," అంది మిషనక్క. అందరూ నవ్వారు. ఆకురాయి దుంగల మధ్య హ్యాండిలు పట్టుకుని ఒక చుట్టు తిప్పి తలూపాడు. అయిపోయింది.

ఇంటికి రాగానే పని మొదలుపెట్టాడు. తుప్పు క్యారియరు విప్పేశాడు. వెనక చక్రానికి కుడిపక్క గొట్టం మీద వేలెడు ఇనుప కొక్కెం ఒకటి ఇత్తడి పోసి అతికి ఉంది. అందమైన మొహం మీద పులిపిరిలా కనిపించింది. దాన్నీ అరగదీశాడు. సాయంత్రం రోడ్డెక్కి, జోరందుకున్నాక రెండు చేతులూ వదిలాడు. సైకిలు ఎడమకి తిరిగింది. మళ్ళీ వదిలాడు. మళ్ళీ ఎడమకే, గడ్డి చూసిన ఆవులా.

"ఏమైంది, మొహం అలా పెట్టారు?" అంది భార్య.

"ఎడమకి లాగుతోంది."

"పెళ్ళైన కొత్తలో మీరూ అంతేగా. మా పుట్టింటి వీధి రాగానే పక్క సందులోకి లాగేవారు."

ఆ పుట్టింటి మనిషే, ఆవిడ అన్నయ్యే, కలప డిపో యజమాని. మర్నాడు కబురు తెలిసి తుప్పు సంఘంలోనే ఉన్న డ్రైవింగు మాస్టారుని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక చక్రం ఇరుసు దగ్గర దారం కట్టి, ముందు మెడ గొట్టం చుట్టూ తిప్పి మళ్ళీ వెనక్కి లాగారు. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం సమానదూరంలో ఉండాలి. ఒక పక్క బియ్యపుగింజంత ఎక్కువుంది.

"పప్పులో కాలేశావు బావా," అన్నాడు డిపో బావ.

"గంట మోగదని చెప్పి మన చెవిలో పువ్వు పెట్టింది ఆవిడ," అన్నాడు డ్రైవింగు మాస్టారు. "చూడ్డానికి ఎంత నెమ్మది. ఆదివారం తేల్చేద్దాం. నీ నీలం బండి నీకొస్తుంది, ఆవిడకి గేటు మూసేద్దాం."

"లేదంటే రెండు దూలాల మధ్య బిగించి ఒక్క నొక్కు నొక్కుతా. దారికొస్తుంది," అన్నాడు బావ.

"వద్దు."

"ఏది వద్దు? గేటా, నొక్కా?"

ఆకురాయి దారం విప్పి చుట్టేశాడు. నీలం బండి గుర్తొచ్చినప్పుడల్లా చేతులు దురదపెడుతున్న మాట నిజమే. కానీ అంతకంటే పెద్ద దురద ఇంకొకటి పట్టుకుంది. గుద్దుకుని వంగిన గొట్టానికి ఎక్కడో ఒకచోట ముడత ఉంటుంది, రంగు పగులుతుంది. దీనికి లేదు. వేలితో తడిమాడు, అద్దం పెట్టి అడుగున చూశాడు. గొట్టాలన్నీ తిన్నగానే ఉన్నాయి. అంటే ఇది వంగింది కాదు, పుట్టుకే ఇంత. ఆకు కొసలు అంత ఒద్దికగా తీర్చినవాడు బియ్యపుగింజంత తప్పు ఎలా చేశాడు? చేసి, చూసుకోకుండా రంగెలా వేశాడు? కంచం ముందు కూర్చున్నా అదే ఆలోచన. కూరలో ఉప్పు లేదన్న సంగతి తిన్నాక భార్య చెబితేగాని తెలియలేదు.

ఆ వారంలోనే ఒకరోజు ఆయన మోపెడ్ మొండికేసింది. అవతల తోటలో పంపు ఆగిపోయి మనుషులు ఎదురుచూస్తున్నారు. గత్యంతరం లేక నల్లసైకిలే తీశాడు. క్యారియరు లేదాయె. స్పానర్ల సంచీ పట్టీని సీటుకి తగిలించి కుడిపక్కకి వేలాడదీశాడు. దారిలో కంట్లో దుమ్ము పడితే రెండు చేతులా కళ్ళు నులుముకున్నాడు. నులుముకుంటూనే చాలా దూరం పోయాక గాని సంగతి తట్టలేదు. సైకిలు గీత గీసినట్టు తిన్నగా పోతోంది.

దిగాడు. సంచీ ఎడమపక్కకి మార్చి చేతులు వదిలాడు. ఎడమకి తిరిగి కాలవగట్టు గడ్డిలో పడ్డాడు. లేచి, మళ్ళీ కుడికి మార్చాడు. తిన్నగా పోయింది. అప్పుడు వంగి, కుడిపక్క గొట్టం మీద తను అరగదీసిన చోటు చూశాడు. కొత్త ఇత్తడి మచ్చ తళతళ మెరుస్తోంది. అక్కడే చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తోటవాళ్ళు ఆ రోజు పంపు మేస్త్రి ఆలస్యంగా వచ్చాడని తిట్టుకున్నారు.

పని ముగించుకుని నేరుగా మిషనక్క గదికి మెట్లెక్కాడు. గోడవారగా మిషను తలకాయలు వరసగా బోర్లా పడుకుని ఉన్నాయి. నూనె వాసన. కిటికీ పక్కన ఆయన నీలం సైకిలు, దాని సీటుకి కుడిపక్క తాడుతో కట్టిన ఇనుప పనిముట్ల పెట్టె.

"రా తమ్ముడూ. కూర్చో, ఆ బల్ల మీద సూదులున్నాయి, చూసుకుని."

ఆయన నిలబడే అడిగాడు. "నల్లదాన్ని ఎవరు కట్టారక్కా?"

"మా నాన్న. ఈ పెట్టెని తూచి మరీ కట్టాడు."

"కుడిపక్కే ఎందుకు?"

"ఎడమపక్క నుంచేగా ఎక్కేది. అటు పెట్టె ఉంటే కాలెక్కడ పెట్టను, నెత్తినా?"

"పెట్టె లేకపోతే ఎడమకి లాగుతుందని చెప్పలేదే."

మిషనక్క చేతిలో బాబిను ఆగిపోయింది. "లాగుతుందా?" అంది. ఆ అడగడంలో దాపరికం లేదు, వింత మాత్రమే ఉంది. "పెట్టె లేకుండా నేను దాన్నెప్పుడెక్కాను గనక. అయినా కొక్కెం ఉందిగా, చూస్తే తెలీదూ?"

ఆకురాయి గోడకేసి చూశాడు.

"ఉందా, లేదా?"

"అరగదీశాను."

"ఊరికే పెట్టారా నీకా పేరు," అని కాసేపు నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. "నేనూ ఒకటి చెప్పనా? నీ నీలందీ కుడికి లాగుతోంది. నువ్వే లోపం దాచావనుకున్నా. బయటపెడితే నీకు గేటు మూసేస్తారు, ఆ డిపో లేకపోతే ఈ మనిషి ఇంకెక్కడ మాట్లాడతాడులే అని ఊరుకున్నా. అక్కడా మాట్లాడవనుకో."

ఆయన నీలం బండి పెట్టెని ఒంటిచేత్తో ఎత్తి చూశాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. బరువు చేతికి గుర్తుండేదాకా అలాగే పట్టుకున్నాడు.

"ఆదివారం నీలం బండి తీసుకురా అక్కా. పెట్టెతో."

"తిరిగి తీసేసుకుంటావా?" అంది ఆవిడ, మోకాలు రుద్దుకుంటూ.

"తీసుకురా," అని మెట్లు దిగిపోయాడు.

ఆదివారం డిపోలో అందరూ ముందే చేరారు. బావ గొంతు సవరించుకున్నాడు. "మిషనక్కా, నువ్విచ్చిన బండిలో..."

"లోపం బండిలో లేదు," అన్నాడు ఆకురాయి. "పెట్టె తగిలించే కొక్కెం ఉండేది. నేను అరగదీశాను."

ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి విని కొందరు దుంగల మీంచి లేచారు. డ్రైవింగు మాస్టారు నమ్మలేదు. ఆకురాయి స్పానర్ల సంచీ నల్లబండి కుడిపక్క తగిలించి, చేతులు వదిలి గేటు దాకా తిన్నగా పోయాడు. సంచీ తీసేసి పోయాడు, రంపపుపొట్టు కుప్పలో తేలాడు. ఆ కుప్పలోంచే, "ఇంకోసారి," అన్నాడు. తర్వాత ప్రతివాడికీ ఎక్కి చూడాలనిపించింది. లోపం సంగతి అందరూ మర్చిపోయారు.

ఆకురాయి నీలం బండి చక్రాలు విప్పి, ఫ్రేముని బావ ముందు పెట్టాడు. కుడిపక్క కొత్త కొక్కెం అతకాల్సిన చోట సుద్దతో గుర్తు పెట్టాడు.

"దూలాల మధ్య బిగించు బావా. ఒక్క నొక్కు."

"దీన్నా? ఇది దారంలా తిన్నగా ఉంది కదయ్యా."

"బియ్యపుగింజంత. ఎడమకి."

బావ మిషనక్క వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. "ఇన్నేళ్ళుగా వంకరవి తిన్నగా చేశాను గాని, తిన్నగా ఉన్నదాన్ని వంకర చేయమన్నవాణ్ణి నిన్నే చూశాను. మా చెల్లెలు ఎలా వేగుతోందో." అంటూనే దూలాలు జరిపాడు.

ఆకురాయి దారం పట్టాడు. బావ మెల్లగా బరువు వేశాడు. ఉక్కు మూలిగింది, వదలగానే మళ్ళీ మొదటికే వచ్చింది. ఇంకాస్త వేశాడు. దుంగల మీది మనుషులంతా దిగి, మోకాళ్ళ మీద చేతులానించి, సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందునే చూస్తున్నారు.

"వచ్చిందా?" అంది మిషనక్క.

"అరగింజ," అన్నాడు ఆకురాయి.