రోగమే లేని గల్లీ

పెద్దసారు వచ్చేలోపు కావలసిన పనులు:
మోరీ తీయించాలి.
దవాఖాన గోడలకు సున్నం వేయాలి.
టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు, షామియానా తేవాలి.
చర్చి నుంచి పూలకుండీలు. రత్నమణి సిస్టర్ అడిగారు, ఇస్తామన్నారు.
బల్ల మీదికి తెల్ల దుప్పటి, మరకలు లేనిది.
దండ, శాలువా, సమోసాలు, చాయ్.
పిల్లలు ఆ పొద్దు గోలీలు పక్క గల్లీలో ఆడుకోవాలి.
జబ్బుతో ఉన్నవాళ్లు ఆ పూట దవాఖానకు రాకుండా ఇంటి దగ్గరే ఉండి సహకరించగలరు.
ఇట్లు, బగ్గీఖానా గల్లీ బస్తీ సంఘం.

సామ్ సుందర్ చాక్‌పీసు కిందపెట్టి, రెండడుగులు వెనక్కి వేసి బోర్డు చూసుకున్నాడు. అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. అతను అబిడ్స్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో గుమాస్తా. గల్లీలో డిగ్రీ చదివిన మొదటివాడు కాబట్టి సంఘానికి సెక్రటరీ కూడా అతనే, బోర్డు రాసే పనీ అతనిదే. నల్లా ఎప్పుడొస్తుంది, కిరోసిన్ ఎక్కడిస్తున్నారు, ఎవరింట్లో చావు, కార్పొరేటర్ ఏ రోజు వస్తానన్నాడు, అన్నీ దాని మీదే. చదువురానివాళ్లు వచ్చినవాళ్లని నిలబెట్టి చదివించుకునేవారు. ఏదైనా మాట మీద పంచాయితీ వస్తే "బోర్డు మీదున్నదా?" అని ఒకటే ప్రశ్న. ఉంటే నిజం, లేకపోతే పుకారు.

ఆ బోర్డు తగిలించింది దవాఖాన గోడకే. నాంపల్లి స్టేషన్ వెనక, నవాబుల కాలంలో బగ్గీలు నిలిపిన కొట్టం అది. గుర్రాలు పోయాక బల్దియా, అంటే మున్సిపాలిటీ వాళ్లు, అందులో చిన్న దవాఖాన పెట్టారు. ఒక బల్ల, ఒక బీరువా, బయట బెంచీ, నర్సు రత్నమణి సిస్టరు. అంతే. ఆ బెంచీ మీద పొద్దున్నే ముందు కూర్చునేది కిష్టవ్వ. స్టేషన్ ముందు నిమ్మకాయలమ్మే ముసలామె. చక్కెర జబ్బుతో కాలి మడమ మీద పుండు మానకుండా ఉండేది. సిస్టరు రోజూ కడిగి కట్టు కట్టేది. ఆ కట్టుతోనే ఆమె స్టేషన్ దాకా నడిచేది. నడిస్తేనే గంప, గంప ఉంటేనే తిండి.

తొంభై ఎనిమిదిలో, చిన్న దవాఖానలు కొన్ని ఎత్తేస్తారని మాట పుట్టింది. ఏవి ఉంచాలో ఏవి ఎత్తేయాలో తేల్చడానికి బల్దియా ఆరోగ్యశాఖ పెద్దసారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. బాగుంటే ఉంచుతారు. బాగుండటం అంటే ఏమిటో గల్లీవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెళ్లివారొచ్చినా, బిషప్ అయ్యగారొచ్చినా అంట్ల గిన్నెలు కనబడకూడదు, ఇంట్లో ఏడుపు వినబడకూడదు. సామ్ సుందర్ మెదక్ మిషన్ స్కూల్లో చదివేటప్పుడు ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు చినిగిన చొక్కాల పిల్లల్ని ఇంటి దగ్గరే ఉండమనేవారు. ఒక ఏడాది అతనూ ఉన్నాడు. స్కూలుకు మంచి పేరే వచ్చింది.

ముందు రోజు సాయంత్రం కిష్టవ్వ బోర్డు దగ్గర నిలబడి ఉంది.

"ఏం రాసినవ్ బిడ్డా? కొత్తగున్నది."

అతను చదివి వినిపించాడు. చివరి మాట దగ్గర కొంచెం గొంతు తగ్గించాడు.

"గట్లనా? నేను మూలకు కూసుంటగదా. ఎవ్వరికి కనబడ. కట్టు కట్టించుకొని పోత."

"ఒక్క పూటే గదా అవ్వా. జర వాసనొస్తది. పెద్దసారు ముంగట బాగుండది."

కిష్టవ్వ చీర కుచ్చెళ్లు కిందికి లాగి కాలు కప్పుకుంది. "ఔ బిడ్డా, నిజమే" అని మెల్లగా ఇంటిదారి పట్టింది.

మర్నాడు గల్లీ పెళ్లి పందిరిలా ఉంది. మోరీలో మురుగు వాసన లేదు. సున్నం ఇంకా తడిగా మెరుస్తోంది. ఖాళీ బెంచీ తుడిచి, దాని మీద పూలకుండీ పెట్టారు. పెద్దసారు జీపు దిగి, దండ వేయించుకుని, లోపలికి తొంగిచూశాడు. రత్నమణి సిస్టరు ఇస్త్రీ చీరలో నిలబడి నమస్కారం పెట్టింది.

"పేషెంట్లు ఏరీ?" అన్నాడు పెద్దసారు.

సంఘం ప్రెసిడెంటు వెంకటనర్సయ్య శాలువా పట్టుకుని ముందుకొచ్చాడు. కిరాణా కొట్టు మనిషి, మాట మీద మోజు.

"ఎక్కడి పేషెంట్లు సార్! సిస్టరమ్మ చెయ్యి గట్లాంటిది. మీ దయ వల్ల మా గల్లీల రోగమే లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. సామ్ సుందర్ అందరికంటే గట్టిగా కొట్టాడు. సిస్టరు ఒక్కతే ఏదో అనబోయి, చప్పట్లలో ఆగిపోయింది. పెద్దసారు నవ్వి, సమోసా తిని, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బోర్డు మీద: "తనిఖీ బాగా జరిగినది. సహకరించిన అందరికీ ధన్యవాదములు."

కొన్నాళ్లకు దవాఖాన తలుపుకు కాగితం అంటించి ఉంది. సామ్ సుందర్ దాన్ని నిలబడి మళ్లీ మళ్లీ చదివాడు. "రోగుల తాకిడి లేనందున మూసివేయడమైనది" అని ఉంది. బీరువా తీసుకుపోయారు. సిస్టరును ఊరవతల ఎక్కడో వేశారు.

అతను బల్దియా ఆఫీసుకు పరిగెత్తాడు. కిటికీ దగ్గరి గుమాస్తా దరఖాస్తు చదివి పగలబడి నవ్వాడు.

"ఏంది సార్ ఇది? మీరే శాలువ కప్పిన్రు, మీరే అర్జీ తెచ్చిన్రు."

"రోజు మస్తుమంది వస్తరు సార్. ఆ పొద్దే రావద్దన్నం."

"ఎవరన్నరు?"

"మేమే. బోర్డు మీద రాసిపెట్టినం."

"మరి ఫైల్ల నేనేం రాయాలె? రోగులున్నరు గానీ దాచిపెట్టిన్రు అని రాయాల్నా? నన్ను పిచ్చోన్ననుకుంటరు!" తర్వాత జాలిపడ్డట్టు గొంతు మార్చాడు. "జర ఆగి రాండ్రి. పెద్దసారుకు బదిలీ అయింది. కొత్తాయన రావాలె."

కొత్తాయన వచ్చాడు. మూసింది తెరవడం తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందంటే పైకి చూపించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

సామ్ సుందర్ కిష్టవ్వను కొన్ని రోజులు ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. వరుసలో నిలబడేసరికే మధ్యాహ్నం అయ్యేది. ఇన్‌స్టిట్యూట్ ఓనరు, ఇట్లయితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. అది ఎట్లా తెలిసిందో కిష్టవ్వ తనే రానంది.

"నీ కొలువు పోతది బిడ్డా. నేను మంచిగనే ఉన్న. పసుపు పెడుతున్న."

అతను కాలు చూడబోతే కుచ్చెళ్లు కిందికి లాక్కుంది. ఆనాడు బోర్డు దగ్గర లాక్కున్నట్టే.

స్టేషన్ ముందు గంప కనబడటం మానేసింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక రత్నమణి సిస్టరు సొంత దూదీ మందూ పట్టుకుని వచ్చింది. గుడ్డ విప్పి చూసి, కడిగి, మళ్లీ కట్టింది. బయటికొచ్చి గడపలో నిలబడి, "ఇగ ఇది నాతోని కాదు సుందర్" అంది. "రోజు కడిగితే చాలు, కాలు ఉండేది. గంతే ఉండె దీనికి మందు."

పెద్ద దవాఖానలో కాలు తీసేశారు. కిష్టవ్వ ఆ వానాకాలం దాటలేదు.

శవాన్ని తీసుకుపోయిన మర్నాడు కొట్టం పడగొట్టడానికి కూలీలు వచ్చారు. అబిడ్స్ దుకాణాలకొచ్చేవాళ్ల స్కూటర్లు అక్కడ నిలుపుతారట. వెంకటనర్సయ్య బోర్డు ఊడదీసి కరెంటు స్తంభానికి ఆనించాడు. చాక్‌పీసు సామ్ సుందర్ చేతిలో పెట్టి, తల వంచుకుని, "పార్కింగ్ సంగతి రాయి తమ్మీ. జనం అడుగుతున్నరు" అన్నాడు.

సామ్ సుందర్ పాత అక్షరాలు తుడిచాడు. పార్కింగ్ సంగతి రాయలేదు.

"కిష్టవ్వ చనిపోయింది. స్టేషన్ ముందు నిమ్మకాయలు అమ్మేది. ఈ దవాఖానకు రోజూ వచ్చేది. ఒక్క పూట రావద్దన్నాం, రాలేదు. ఇక్కడ రోగం ఉండేది. చదవగలిగినవాళ్లు చదవలేనివాళ్లకు చెప్పండి. ఇక్కడ బండి నిలిపేవాళ్లు జర ఒక్కసారి ఆమెను గుర్తు చేసుకోండి."