చల్లగా వచ్చిన పేపరు

ఆ ఊళ్లో పేపరు పొద్దున్నే కాలిపోతూ వచ్చేది. యుద్ధం వార్తలు కదా మరి, హెడ్డింగు ఎంత రెచ్చిపోతే పేపరు అంత వేడి. పేపరు వేసే ఆయన చేతికి గుడ్డ చుట్టుకుని గుమ్మంలోకి విసిరేవాడు. కొందరు దానిమీద పాలు కాచుకునేవాళ్లు. ఓ ఇంటి నాయనమ్మయితే మనవడి చొక్కాలన్నీ దాంతోనే ఇస్త్రీ చేసేది.

ఆ హెడ్డింగులు పెట్టేది ఆవిడ కోడలే. మనవాళ్లు పోతే పేరూ ఫొటో, ఏటి అవతలివాళ్లు పోతే ఒట్టి అంకె. ఆఫీసులో అదే పద్ధతి. అవన్నీ చదివి చదివి, పంపుల మెకానిక్కయిన ఆ కోడలి కొడుకు సైన్యానికి పేరిచ్చేశాడు. తెల్లారితే బస్సు.

ఆ సాయంత్రం ఏటి దగ్గర్నుంచి విలేఖరి ఫోన్ చేశాడు.

"అవతల ఓ ఇంటిమీద గుండు పడిందక్కా. నలుగురు పోయారు."

"పేర్లేంటి?"

"వాళ్ల పేర్లు మనకెందుకక్కా?"

"కనుక్కో తమ్ముడూ. ఇంకేం జరుగుతోందక్కడ?"

"ఏముంది, రెండు ఒడ్లకీ నీళ్లిచ్చే పంపు చెడింది. రోజూ కాసేపు కాల్పులాపి రెండువైపులవాళ్లూ కలిసి బాగుచేస్తున్నారు. దాన్ని విప్పిన కుర్రాడు ఇవాళ పోయిన నలుగురిలో ఒకడు. బిగించేవాళ్లు లేరట. అదేం వార్తలే!"

ఆమె అదే పైన పెట్టింది. కింద నలుగురి పేర్లు, వయసులు. ఎడిటరు తల పట్టుకున్నాడు.

"మొదటి పేజీలో పంపా తల్లీ! ఎవడు కొంటాడు?"

"తిట్టడానికైనా కొంటారు సార్, వెయ్యండి."

పొద్దున పేపరు కుండలో నీళ్లలా చల్లగా వచ్చింది. నాయనమ్మ ఎంత రుద్దినా చొక్కా ముడత పోలేదు.

"నీ పేపరు తగలెయ్య! పిల్లాడు నలిగిన చొక్కాతో బస్సెక్కుతాడుటే?" అని కోడల్ని కసిరి, పక్కింటికి ఇస్త్రీపెట్టె కోసం పరిగెత్తింది.

చేసేదేం లేక కొడుకు బనీనుతోనే గుమ్మంలో కూర్చుని పేపరు విప్పాడు. పంపు విప్పిన కుర్రాడి వయసు దగ్గర అతని వేలు ఆగింది. తన ఈడే.

"అమ్మా, పంపు అలాగే విప్పి ఉందా?"

"అలాగే ఉందట నాన్నా."

"ఇసుక పట్టేస్తుందమ్మా! మళ్లీ పనికిరాదు!"

వీధి చివర బస్సు హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. నాయనమ్మ ఇస్త్రీపెట్టెతో రొప్పుతూ వచ్చేసరికి, మనవడు నలిగిన చొక్కానే తొడుక్కుని, రెంచీల సంచి భుజాన వేసుకుని ఏటివైపు నడుస్తున్నాడు.

తల్లి గుమ్మం దిగి వీధిలోకి వచ్చింది.

సైన్యానికి వెళ్లేవాళ్లెవరూ అడగని మాట అతను వెనక్కి తిరిగి అడిగాడు.

"సాయంత్రం కూరేంటమ్మా?"