మూడో పేజీలో లేని మాట

మా తమ్ముడికి కాదనడం చేతకాదు. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఎవరేం అడిగినా గంగిరెద్దులా తలూపుతాడు. పొరుగింటావిడ పిల్లి కనబడటం లేదంటే దుకాణం మూసేసి మధ్యాహ్నం దాకా దాన్ని వెతికిన మహానుభావుడు. ఆ తలూపుడే చివరికి మా కొంప మీదికి తెచ్చింది.

మాది తాళాల పని. పోయిన తాళంచెవులకి మారుచెవులు కోస్తాం, బిగుసుకుపోయిన తలుపులు తెరుస్తాం, పాత తాళాలు పీకి కొత్తవి బిగిస్తాం. చెయ్యి వాడిది, నోరు నాది. నాన్న పోయాక దుకాణం లైసెన్సు వాడి పేరుకే మార్పించాను. అందరికీ వాడు చిన్నోడే, నాకూ చిన్నోడే.

ఆ ఉదయం ఒక బడిలో పద్నాలుగు గదుల తాళాలు మార్చాలని వ్యానులో బయల్దేరాం. వంతెన దిగుతుండగా పోలీసులు ఆపారు. ఇన్‌స్పెక్టరు కిటికీలోకి తల వంచి, పక్క వీధిలో నిన్న దొంగతనం జరిగిందని, తలుపు పగలగొట్టకుండానే లోపలికి దూరారని చెప్పాడు. చిన్నోడు బండి కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు తీసి ఇచ్చాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"వెనకాల ఏముంది?"

"పనిముట్లండీ."

"చూడొచ్చా?"

తాళాల పనివాళ్ళని ఏడాదికి రెండుసార్లైనా ఎవరో ఒకరు ఆపుతారు. మా బండిలో ఉండేవి దొంగల సంచీలో ఉండేవీ ఒకటే కదా మరి! అందుకే మా సంఘం వాళ్ళు ఒక చీటీ అచ్చువేసి అందరికీ పంచారు. ఎందుకు ఆపారో అడుగు. సోదాకి నీ అనుమతి అడిగితే, ఇవ్వనని చెప్పొచ్చు. పట్టుకెళ్తే కారణం చెప్పమను, టైము రాయించు. లాయరు వచ్చేదాకా నోరు మెదపకు. చదవకుండా సంతకం పెట్టకు. దాన్ని మా దుకాణంలో అద్దం పక్కన అంటించాను. చిన్నోడికి పదిసార్లు చదివి వినిపించాను. పదిసార్లూ తలూపాడు.

"అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నానండీ, మేం ఒప్పుకోం. అనుమానం ఉంటే అదేంటో రాసి, అప్పుడు చూడండి," అని నేను ఇంకా అంటూనే ఉన్నాను.

"చూడండి సార్, దాందేముంది!" అంటూ మావాడు దిగిపోయి వెనక తలుపులు బార్లా తెరిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకసారి ఒప్పుకున్నాక ఇంక చెప్పేదేముంది? కానిస్టేబులు చిన్నోడి చేతిలోంచి తాళంచెవులు తీసుకుని లోపలికెక్కాడు. డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు, వంకర కడ్డీలు, సన్నటి ఆకురాళ్ళు బయట పరిచాడు. దొంగసొత్తు ఒక్కటీ దొరకలేదు. దిగుతూ తాళంచెవుల గుత్తి డబ్బా మీదే మర్చిపోయి, తలుపు ధడేల్‌మని వేశాడు. ఆ పాత తలుపు అలా వేస్తే దానంతటదే లాకైపోతుంది. నేనూ దిగుతూ ముందు తలుపులు అప్పటికే లాక్ చేసేశాను.

కానిస్టేబులు తలుపు లాగాడు, గుద్దాడు. వెనకాల బళ్ళు ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి.

"ఏంట్రా ఇది! ఏమయ్యా, నువ్వు తియ్యలేవూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మావాడితో.

ఈ పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఇక్కడే బోల్తా పడతారు. బిగుసుకున్న తలుపు ముందు నిలబెట్టి తియ్యమంటే మా చేతులు ఆగవు. చిన్నోడు బయట పరిచిన వాటిలోంచి ఒక రేకు తీసుకుని, కిటికీ రబ్బరు పక్క నుంచి దింపి, కళ్ళు మూసుకుని రెండుసార్లు కదిపాడు. తలుపు తెరుచుకుంది. వాడి మొహం వెలిగిపోయింది.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

"యాభై సెకన్లు కూడా పట్టలేదు," అన్నాడు. "పద, స్టేషన్‌కి."

వెంటనే నోరు తెరిచాను. "అరెస్టా? ఏ కారణం మీదో చెప్పండి. ఇప్పుడు టైము తొమ్మిదీ పది, ఆ ముక్క రాయండి. ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా చెప్పండి."

"నువ్వేమన్నా లాయరువా?"

"కాదండీ, అక్కని."

మా సంఘానికి పనిచేసే లాయరమ్మకి ఫోన్ చేసి నేనూ స్టేషన్‌కి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాక చూస్తే, అక్కడ బల్ల మీది రిజిస్టర్లో అరెస్టు టైము పన్నెండున్నర అని రాసి ఉంది. ఆ రిజిస్టరు రాసే రైటరుని మర్యాదగానే అడిగాను, మార్చనన్నాడు. ఒక రోజులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ఆ రోజు ఎప్పుడు మొదలైందో ఆ రాతే చెబుతుంది. మూడు గంటలు మింగేస్తే ఊరుకుంటానా? వంతెన దగ్గర హారన్లు కొట్టిన బస్సు డ్రైవరుని పిలుచుకొస్తానన్నాను. బడి హెడ్మాస్టరుకి, పోలీసులు ఆపారు రాలేమని తొమ్మిదీ పన్నెండుకి నేను పంపిన మెసేజ్ చూపించాను. బల్ల ముందు నుంచి కదల్లేదు. నా పోరు పడలేక పన్నెండున్నర కొట్టేసి తొమ్మిదీ పది రాశాడు, పక్కన పొడి సంతకం కూడా పెట్టాడు.

అంతలో లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినబడింది. తలుపు ఓరగా ఉంది.

"మూడు పేజీలే. ఇక్కడొకటి, ఇక్కడొకటి, చివర ఒకటి. సంతకం పెట్టేసెయ్, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

మావాడి చేతిలో పెన్ను కనబడింది. ఆ కాగితాల్లో ఏముందో నాకు తెలీదు. ఏమున్నా సరే, దాని కింద వాడి సంతకం పడితే దొంగతనం వాడి నెత్తిన పడినట్టే. జైలు ఒకటైతే, లైసెన్సు పోవడం ఇంకొకటి. దొంగ అని పేరుపడ్డ తాళాలవాణ్ణి ఎవరు గుమ్మం తొక్కనిస్తారు?

"చిన్నోడా! చదివావా?" అని అరిచాను.

చదివి ఉండడని నాకు తెలుసు. వాడికి అక్షరాలు ఒక పట్టాన లొంగవు. ఒక్కో మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదవాలి. బడిలో పంతులు వాణ్ణి బెంచీ ఎక్కించి చదివిస్తుంటే క్లాసంతా పగలబడి నవ్వేది. అప్పట్నుంచి పదిమందిలో వాడు కాగితం చదవగా నేను చూడలేదు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి పెళ్ళి పత్రిక దాకా నేనే చదివిపెడతాను. బయట ఎవరన్నా సంతకం అడిగితే, చదివినట్టు నటించి పెట్టేస్తాడు. సిగ్గు వాడికి.

"నన్ను లోపలికి రానివ్వండి, నేను చదివిపెడతాను," అన్నాను. కానిస్టేబులు గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంక నా చేతిలో ఏమీ లేదు. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ నిలబడలేదు.

లోపల పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"సార్," అన్నాడు మావాడు. "నాకు చదవడం నెమ్మది. చాలా నెమ్మది. కాగితాలు నా దగ్గర ఉంచండి. చదివాకే సంతకం."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎంతసేపు పడుతుందేంటి?"

"తెలీదు సార్."

"అయితే రాత్రికి ఇక్కడే పడుంటావు."

"ఉంటాను సార్."

కాదనడం రాని మా చిన్నోడేనా! నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆ నవ్వినవాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది. అన్నీ దిగమింగుకుని బెంచీ మీద కూర్చున్నాను.

లాయరమ్మ మూడింటికి వచ్చింది. వాడితో పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడటం తన హక్కని పట్టుబట్టి మాట్లాడింది. కాగితాల నకలు ఒకటి వాడి దగ్గరే ఉండేలా చూసింది. తను చదివిపెడతానంటే వాడు వద్దన్నాడట. "మీ తమ్ముడు భలే మొండివాడమ్మా," అంది బయటికొచ్చి. వాడు పుట్టాక వాణ్ణి ఆ మాట అన్నది ఈవిడే మొదలు.

తొమ్మిదీ పది అని రాసి ఉంది కాబట్టి, మర్నాడు పొద్దున తొమ్మిది కొట్టకముందే, కోర్టు తలుపులు తెరవగానే తీసుకొచ్చారు. చిన్నోడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కాగితాలు చెమటకి మెత్తబడిపోయాయి.

మేజిస్ట్రేటు పెద్దావిడ. కళ్ళద్దాలు సవరించుకుని, "సంతకాలు లేవేం? వీటిలో ఏముందో తెలుసా నీకు?" అని అడిగింది.

లాయరమ్మ లేవబోయింది. అంతలోకే వాడు మాట్లాడేశాడు.

"తెలుసండీ. రాత్రంతా పట్టింది, మూడుసార్లు చదివాను. మూడో పేజీలో ఒక మాట లేదండీ."

"ఏదీ, చదువు."

వాడు కాగితం బోను ముందున్న బల్ల మీద పరిచి, వేలు పెట్టాడు. "నిం… నిందితుడు… మూసి ఉన్న… వా… వాహనాన్ని…" వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు తలెత్తి అటు చూసింది, నవ్వు ఆగిపోయింది. వాడి చెవులు కందిపోయాయి, వేలు మాత్రం ఆగలేదు. "తాళంచెవి… లేకుండా… యాభై సెకన్లలో… తెరిచాడు." ఆ ఒక్క వాక్యానికి ఎంతసేపు పట్టిందో! నా పెదాలు వాడితో పాటు కదులుతున్నాయి, పైకి మాత్రం ఒక్క ముక్క అందించలేదు.

"ఇది నిజమేనండీ," అన్నాడు తలెత్తి. "కానీ ఆ బండి మాదే. తాళంచెవి లోపల పెట్టి తలుపేసింది కానిస్టేబుల్‌గారు. తియ్యమన్నది ఇన్‌స్పెక్టర్‌గారు. ఈ రెండూ ఇందులో రాయలేదు. అందుకే సంతకం పెట్టలేదండీ."

మేజిస్ట్రేటు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ కానిస్టేబులుని పిలిచి సూటిగా అడిగింది.

"తాళంచెవి లోపల పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ," అన్నాడు నేల చూస్తూ.

"తియ్యమన్నారా?"

"అన్నారండీ."

"ఈ తలుపు సంగతి కాకుండా ఇతని మీద మీ దగ్గర ఇంకేముంది?"

పనిముట్లు తప్ప ఏమీ లేవు. పనిముట్లకి లైసెన్సు ఉంది. లాయరమ్మ అది ముందు పెట్టింది. వదిలెయ్యమని మేజిస్ట్రేటు అక్కడికక్కడే రాసేసింది.

బయట గుమస్తా విడుదల కాగితం తీసి, "ఇక్కడ సంతకం పెట్టి వెళ్ళిపోండి," అన్నాడు. వెనకాల ఇంకో పదిమంది వరసలో ఉన్నారు. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపి కాగితం అందుకోబోయాను.

చిన్నోడు దాన్ని తన వైపు లాక్కున్నాడు.

"ఆగవే అక్కా," అన్నాడు. "చదవనీ."

పెద్దదే ఆ కాగితం, రెండు వైపులా అచ్చు ఉంది. వరసలో వాళ్ళు గొణిగారు, గుమస్తా పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టాడు. వాడు మొదటి మాట మీద వేలు పెట్టాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని వాడి పక్కన నిలబడ్డాను.