బండలాగుడు నాడు అయివారి చూపు

తుమ్మలమడుగులో ఎవరిని ఏది అడిగినా రెండు జవాబులు వస్తాయి. పై వీధి గంగిరెడ్డి మనుషులు చెప్పేది ఒకటి, కింది వీధి ఓబుళరెడ్డి మనుషులు చెప్పేది ఇంకొకటి. రాత్రి వాన పడిందా అంటే కూడా ఒకరు కుండపోత అంటారు, ఇంకొకరు తుంపర అంటారు. అలాంటి ఊళ్ళో శివరాత్రి తిరునాళ్ళకు ఎద్దుల బండలాగుడు పోటీ పెడితే తీర్పు చెప్పేదెవరు? ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో పులివెందుల నుంచి ఒక పెద్దమనిషిని బతిమాలి తెచ్చారు. తీర్పు చెప్పినాక ఆయన్ని వేంపల్లె దాకా తరిమారు. మరుసటేడు ఎంత పిలిచినా రావడానికి ఎవరికీ గుండె చాలలేదు.

అప్పుడు గంగిరెడ్డికి తట్టింది.

"మన బడి అయివారు ఉండాడు గదప్పా! ఆయప్పకు కోడె ఏదో కాడెద్దు ఏదో తెలీదు. ఊరంతా పోటీకాడ ఉంటే ఆయప్ప అరుగు మీద పుస్తకం జదువుకుంటా కూచుంటాడు. అట్టాటోనికి పార్టీ యాడుంటుంది?"

"అదీ నిజమేలే" అన్నాడు ఓబుళరెడ్డి. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం చూసి ఊరు ముక్కున వేలేసుకుంది.

ఆ అయివారి పేరు త్రివిక్రమరావు. సొంత ఊరు ప్రొద్దుటూరు. చిన్నప్పుడు వాళ్ళ నాయన భుజాన ఎక్కించుకుని కుస్తీలకు తీసుకుపోతే, ఈయన నాయన తల మీద తల ఆనించి నిద్రపోయినవాడు. బడిలో చెడుగుడు ఆడుతుంటే తోటి పిల్లలు గొంతులు పగిలేలా అరిచేవాళ్ళు, ఈయన మాత్రం ఇంటికెప్పుడు వదులుతారా అని చూసేవాడు. ఎవడో ఇంకెవణ్ణో పడదోస్తే వీళ్ళకేం ఒరిగిందని ఆయన సందేహం. ఇందులో గొప్పేముంది చెప్పండి? కొందరికి వంకాయ పడదు, ఈయనకు ఆట పడదు, అంతే. కానీ చదువుకున్నవాడికో తెగులుంటుంది. తనకు పడనిదల్లా తెలివిలేనివాళ్ళ పని అనుకుంటాడు. త్రివిక్రమరావు కూడా అలాగే అనుకుంటూ నలభై ఏళ్ళు హాయిగా బతికాడు.

"ఒప్పుకోకండి" అంది భార్య జానకమ్మ. "పక్కనుంచి ఏనుగు పోయినా తెలియని మనిషి మీరు. వాళ్ళ కొట్లాటల మధ్య మీకెందుకు?"

"ఏ పక్షమూ లేనివాడికి భయమేముందే? చూసింది చూసినట్టు చెబుతాను" అన్నాడాయన.

అప్పుడే పెంచలమ్మ పాలు తెచ్చింది. రోజూ తెస్తుంది, గడప దగ్గర నిలబడి గిన్నెలో పోసి వెళ్ళిపోతుంది. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆమె మొగుడు నారాయణ ఈ చుట్టుపక్కల ఎద్దులు తోలడంలో పేరుమోసినవాడు, రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి పోయాడు. అప్పటినుంచి అత్త అలివేలమ్మ, మరిది కలిసి పాలు పోయడానికి, బావికి తప్ప ఆమెను కొట్టం, వంటిల్లు దాటనివ్వడం లేదు. నోట్లో నాలుక లేనిదయిపోయింది. తిరునాళ్ళ పోటీకి మాత్రం పంపుతారు. గంగిరెడ్డి జత ఎద్దులను కోడెలప్పటి నుంచి మరిపి బండ లాగడం నేర్పింది ఆమె మొగుడే కాబట్టి, రాకపోతే గంగిరెడ్డే ఊరుకోడు.

"ఆ పిల్ల నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో" అని జానకమ్మ నిట్టూర్చింది.

పోటీ నాడు పందిట్లో కుర్చీ వేసి అయివారిని కూర్చోబెట్టారు. కట్టుబాటు ఒకటే. తోలేవాడు చర్నకోల వాడొచ్చు, ముల్లుగర్రతో పొడవకూడదు. పొడిచినట్టు తేలితే ఆ జత పోటీలో లేనట్టే. అది కనిపెట్టడమే అయివారి పని. ఒక జత తర్వాత ఒక జత వచ్చి ఆ పెద్ద బండను లాగుతున్నాయి, దుమ్ము లేస్తోంది, జనం అరుస్తున్నారు. త్రివిక్రమరావుకు ఆవలింతలు వచ్చాయి.

ఏమీ తోచక జనాన్ని చూడడం మొదలుపెట్టాడు. పక్కన గంగిరెడ్డి పళ్ళు కొరుకుతున్నాడు, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, బండ తన మెడకే కట్టినట్టు. అవతల ఒక ముసలాయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని దండం పెడుతున్నాడు. వీళ్ళకు ఏం కనబడుతోంది ఇక్కడ? నాకెందుకు కనబడదు? ఆయనకు మొదటిసారి ఆ అనుమానం కలిగింది.

చివర గంగిరెడ్డి జత దిగింది. నారాయణ పోయినాక ఆ జతను తోలేది ఆదినారాయణ అనే అతను. ఓబుళరెడ్డి జత లాగిన గుర్తు దగ్గరికి బండ వచ్చేసరికి ఒక ఎద్దు మోకాళ్ళ మీద పడి మళ్ళీ లేచింది. అప్పుడు ఆడవాళ్ళ బండ్ల వైపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"లాగరా నాయనా! లాగరా నా బంగారూ!"

పెంచలమ్మ! బండి చక్రం మీద నిలబడి ఉంది. తల మీది కొంగు జారిపోయింది, పిడికిళ్ళు గాలిలో ఊపుతోంది, నోరంతా తెరిచి అరుస్తోంది. ఆ ముఖం! రోజూ గడప దగ్గర చూసే ముఖమేనా ఇది? ఆ కాసేపు ఆమెకు మొగుడు చావలేదు, అత్త లేదు, మరిది లేడు. అయివారు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఓహో, ఇందుకా వీళ్ళు చూసేది! నా జన్మలో ఒక్కసారైనా దేనికోసమైనా నేనిలా అరిచానా? ఆయనకు అసూయ పుట్టింది, కళ్ళు చెమర్చాయి.

"పొడిచినాడు! ముల్లుగర్రతో పొడిచినాడు!"

ఓబుళరెడ్డి మనుషులు ఒక్క పెట్టున లేచారు. లేదు లేదని గంగిరెడ్డి మనుషులు లేచారు. ఎక్కడివక్కడ కట్టెలు బయటికొచ్చాయి.

"ఆగండప్పా!" అని గంగిరెడ్డి గట్టిగా అరిచాడు. "అయివారుండేది ఎందుకు? సామీ, మీరు జెప్పండి. ఆదినారాయణ పొడిచినాడా, లేదా?"

త్రివిక్రమరావు లేచి నిలబడ్డాడు. "నేను చూడలేదు" అన్నాడు.

అలాంటి మాట ఆ ఊరివాళ్ళు పుట్టి బుద్ధెరిగి వినలేదు. పొడిచినాడంటే ఒక సగం నమ్మేది, లేదంటే ఇంకో సగం నమ్మేది. చూడలేదంటే ఎవరు నమ్ముతారు?

"జూడల్యా?" అంటూ ఓబుళరెడ్డి మీదికొచ్చాడు. "ఎవురికి అమ్ముడుబోయినావు అయివారూ? ముందర జరిగింది జూడకుండా యాడ జూస్తాంటివి?"

కంట్లో దుమ్ము పడిందంటే సరిపోయేది. ఆ మాత్రం అబద్ధం పాలు తాగే పిల్లకైనా వస్తుంది. కానీ ఈ మహానుభావుడు సత్యం తప్పడు కదా!

"పెంచలమ్మను చూస్తున్నాను" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదేమోనని చెయ్యెత్తి చూపించాడు కూడా. "అదిగో, ఆ బండి మీద. ఆమె ముఖం ఎంత వెలిగిపోతూ ఉందంటే, నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను."

మొదట నవ్వింది గంగిరెడ్డే. తర్వాత ఓబుళరెడ్డి. ఆ తర్వాత ఊరంతా.

"బండను జూడమని కూచోబెడితే ముండమోసిన దాన్ని జూసినాడప్పా!" అని ఎవడో అరిచాడు. కడుపులు పట్టుకుని నవ్వారు, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పై వీధివాడు కింది వీధివాడి భుజం తట్టి మరీ నవ్వాడు. ఎత్తిన కట్టెలు దిగిపోయాయి. రెండు జతలూ సమానమేనని పెద్దలు తేల్చేశారు.

పెంచలమ్మ బండి దిగింది. కొంగు తల మీదికి లాక్కుని జనం మధ్యనుంచే నడిచిపోయింది. నవ్వుతూనే దారి ఇచ్చారు. త్రివిక్రమరావుకు అప్పుడు కలిగింది ఏమిటంటారు? ఊరట. తలకాయలు పగలకుండా గడిచిందని ఆయన కూడా కాస్త నవ్వాడు.

మరునాడు పాలు అలివేలమ్మ తెచ్చింది. గిన్నెలో పోయలేదు, చెంబు గడప మీద ఠపీమని పెట్టింది. "మా ఇంటి ఆడది ఇంగ గడప దాటదులే. కండ్లు జల్లగయినాయా సామీ?" అని వెళ్ళిపోయింది.

జానకమ్మ ఆ చెంబు తీసి లోపల పెట్టి వచ్చింది.

"మీ బుద్ధి చెడ్డదని నేననను" అంది. "కానీ నలుగురిలో ఆమె పేరెత్తారు. మీకేం? నవ్వి వదిలేస్తారు. ఆ పిల్లను ఎవరు వదులుతారు?"

ఆమె అన్నట్టే అయింది. ఊళ్ళో అయివారి మీద ప్రేమ ఎక్కువైంది. ఎదురొచ్చినవాడల్లా "ఎటు జూస్తాండారు సామీ?" అని నవ్వేవాడు, కూరగాయలు ఇచ్చి పోయేవాడు. పెంచలమ్మను మాత్రం మరిది చావగొట్టాడని పొరుగువాళ్ళు చెప్పుకున్నారు. బావికి కూడా పంపడం మానేశారు. త్రివిక్రమరావుకు తిన్నది ఒంటబట్టడం మానేసింది. బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి జమ్మలమడుగుకు వేశారు.

వెళ్ళేలోగానే మళ్ళీ శివరాత్రి వచ్చింది. "ఈ ఒక్కసారి కూచోండి సామీ. మీరు లేకుంటే రక్తి కట్టదు. యాడ జూసుకుంటారో మీ ఇష్టం!" అని గంగిరెడ్డి బతిమాలాడు. అయివారు రానన్నాడు. పెంచలమ్మను పంపమని మాత్రం గంగిరెడ్డి ఈసారి ఎవరినీ అడగలేదు.

పోటీ వేళకు ఊరు ఖాళీ అయిపోయింది, జానకమ్మ కూడా గుడికి వెళ్ళింది. ఈ ఒక్క పూట దాటితే ఇక జన్మలో పెంచలమ్మకు క్షమాపణ చెప్పుకోలేనని ఆయన ఆమె ఇంటి వెనక గోడ దగ్గరికి నడిచాడు. ఆమె కొట్టంలో పేడ ఎత్తుతోంది. చిక్కిపోయింది.

"పెంచలమ్మా" అన్నాడు. "నేను చెడు తలంపుతో చూడలేదమ్మా. నన్ను క్షమించు."

"తెలుసు సామీ" అంది ఆమె, తలెత్తకుండా.

ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు. తిడుతుందనుకున్నాడు. "నీ ముఖంలో ఆ సంతోషం చూసి..."

"ఎందుకు జూసినారు?" పెంచలమ్మ ఇటు తిరిగింది. "అందురూ ఎద్దులను జూస్తాంటే మీరు నన్నెందుకు జూసినారు? ఈడ పొద్దుగూకులూ నన్ను జూసేటోళ్ళే. యాడికి పోతాండా, ఎవురితో మాట్లాడ్తాండా, నవ్వినానా, కొంగు జారిందా. ఆడ అంత జనముంటారు, ఒక్కరి కన్నూ నా మింద ఉండదు. అందుకే సామీ నేను పోయేది. ఏడాదికి ఒక్క పూట. మీకు ఆట పట్టకపోతే ఇంట్లో ఉండకూడదా?"

తిరునాళ్ళ దిక్కునుంచి ఒక్కసారిగా జనం హోరెత్తింది. పెంచలమ్మ చెయ్యి ఆగిపోయింది. మెడ అటు తిరగబోయి, గోడ దగ్గరున్న మనిషిని తలుచుకుని మళ్ళీ కిందికి వంగింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"పోండి సామీ, ఎవురన్నా జూస్తారు."

"ఎవరూ లేరమ్మా. ఊరంతా అక్కడే ఉంది" అన్నాడాయన.

"మీరుండారు గదా" అని, తట్ట అక్కడే వదిలేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది.