బోరు నీళ్లతో పోసిన స్లాబు

వాగు పొంగి చిట్కుల్ దారి మీద లారీలు రెండు రోజులు నీళ్లలో నిలిచిపోయిన ఏడాది అది. కార్మికుల లైను ఇళ్ల వెనక ఆడవాళ్లు స్నానం చేసే రేకుల మరుగును ఆ వరద ఊడ్చుకుపోయింది. ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు ఆ తర్వాత ఆరు నెలలపాటు చీరలు అడ్డం కట్టుకుని స్నానాలు చేశారు. ఎండలు ముదిరాక రాజమండ్రి వైపు క్రైస్తవ సంఘం నుంచి పద్దెనిమిది మంది కాలేజీ పిల్లలు ఇరవై రోజుల సేవకని వచ్చి చర్చి హాల్లో దిగారు. లైను ఇళ్లకు నాలుగు స్నానాల గదులు కట్టి పోవాలని వాళ్ల సంకల్పం.

పని చూపించే బాధ్యత పాస్టర్ రాజారావుగారు సత్తయ్యకు అప్పగించారు. సత్తయ్య నలభై ఏళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాడు. పని వచ్చినంతగా మాట రాదు. ఆయన నోట్లె సిమెంటు పోసుకున్నడని భార్య రాజవ్వ నలుగురిలోనూ అనేది.

మొదటి వారంలోనే గోడలు లేచాయి. స్లాబు పోయాల్సిన బుధవారం సత్తయ్య కొండాపూర్‌లో ఒక చావుకు పోవలసి వచ్చింది. నీళ్ల ట్యాంకరు వచ్చాకే సిమెంటు మాలు కలపమని పిల్లలకు పెద్దగా ఉన్న ఇంద్రజతో చెప్పి బస్సెక్కాడు. ఎందుకో చెప్పలేదు. సందు చివరి బోరు వరదలో ఫ్యాక్టరీల మురుగులో మునిగినప్పటి నుంచి పసుపు నీళ్లు పోస్తోందనీ, ఘాటు వాసన కొడుతుందనీ, ఆ నీళ్లతో ఊళ్లో ఎవరూ గిన్నె కూడా కడగరనీ చెప్పాలంటే ఇంకో నాలుగు మాటలు పట్టేవి.

సాయంత్రం తిరిగొచ్చేసరికి స్లాబు పోసేసి ఉంది. పిల్లలు బొబ్బలెక్కిన చేతులతో పాడుకుంటూ తట్టలు కడుగుతున్నారు. తట్టల అంచుల్లో పసుపు చార ఉంది. ట్యాంకరు వచ్చిందా అని అడిగాడు. రాలేదనీ, లైను ఇళ్లవాళ్లంతా డ్యూటీలకు పోయి ఉంటే తామే బోరు దగ్గర నుంచి బిందెలతో మోశామనీ ఇంద్రజ నవ్వుతూ చెప్పింది. సత్తయ్య తల దించుకుని ఇంటికి పోయాడు.

ఆ రోజు నుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి నిచ్చెనెక్కి స్లాబు మీద మేకుతో గీసేవాడు. గట్టిపడిన స్లాబైతే మేకు జారాలి. ఇక్కడ గీసిన చోటల్లా పిండి రాలింది. ఆరో రోజూ అంతే, తొమ్మిదో రోజూ అంతే. పోసేటప్పుడు కింద నిలబెట్టిన సెంట్రింగు కర్రలు మోస్తున్నాయి గనుక నిలబడి ఉంది. ఆదివారం ఆరాధన కాగానే ఆ కర్రలు తీసి గదులను ఆడవాళ్లకు అప్పగిస్తారు. సాయంత్రం పిల్లలకు రైలు. చెబుదామని రెండుసార్లు పాస్టర్‌గారి గేటు దాకా పోయాడు. రెండుసార్లూ చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని తిరిగొచ్చాడు. సగం అన్నంలో లేచిపోతుంటే కడుపు నొస్తుందా అని రాజవ్వ అడిగింది. కాదన్నాడు. మరేంది అంది. ఏం లేదన్నాడు.

శనివారం సాయంత్రం సాక్ష్యాల కూడిక. సేవలో దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఇంద్రజ వంతు వచ్చింది. ట్యాంకరు రాక, దిక్కుతోచక ప్రార్థించామనీ, కళ్లు తెరిస్తే ఎదురుగా బోరు కనబడిందనీ, బండలోంచి నీళ్లిచ్చిన దేవుడే దాన్నీ చూపించాడనీ కన్నీళ్లతో చెప్పింది. వచ్చిన పిల్లలంతా ఆమెన్ అన్నారు. ఊరివాళ్లలో ఒక్కరూ అనలేదు. ఒకరి మొహాలొకరు చూసుకుని, ఆఖరికి అందరూ సత్తయ్య వైపు తిరిగారు. పాస్టర్‌గారు అది చూసి, మన మేస్త్రీ కూడా రెండు మాటలు చెప్పాలన్నారు.

సత్తయ్య లేచి ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆ స్లాబు గట్టిపడలె," అన్నాడు. "ఆ బోరు కంపెనీల నీళ్లు తాగింది. కర్రలు తీస్తే ఎవలి నెత్తిమీదనో పడ్తది. పోసిన దినమే నాకు ఎరుక."

ఇంద్రజ ఇంకా నిలబడే ఉంది.

"పది రోజుల్నుంచి మా మధ్యే తిరుగుతున్నారు కదా తాతగారూ," అంది. "ఒక్క మాటంటే ఆ పూటే తీసేసేవాళ్లం."

"అనాలె బిడ్డా. చేతులు పగిలేటట్టు చేసిన్రు. మిమ్మల్ని చూస్తే నోరు లేవలె. తప్పు నాదే."

ఆడవాళ్ల వరసలోంచి రాజవ్వ అందుకుంది. "ఇన్నేండ్లకు నోరు తెరిసిండు. కట్టింది కూలగొట్టనీకే తెరిసిండు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పాస్టర్‌గారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో తడబడి, ఆమెన్ అనేశారు. ఇంద్రజ మొహం తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున సత్తయ్య ఆరాధనకు పోలేదు. లైను ఇళ్ల ఆడవాళ్లను దూరం జరిపి, కింద ఇంకో నాలుగు కర్రలు దన్నుగా పెట్టి, పైకెక్కి ఒక మూల నుంచి స్లాబు పగలగొట్టడం మొదలుపెట్టాడు. చర్చిలో రెండో పాట నడుస్తుండగా ఇంద్రజ మరో ఐదుగురితో వచ్చి కింద నిలబడింది. ఆమె మొహంలో కోపం తగ్గలేదు. సాయంత్రం రైలుకు తాము ఆరుగురం పోవడం లేదని చెప్పి తట్ట తీసుకుంది. సత్తయ్య సుత్తె పక్కన పెట్టాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ కర్ర ముట్టకూడదో, ఇనుప చువ్వలు వంగకుండా ఎట్లా తీయాలో, కొత్త స్లాబుకు నీళ్లు ఎక్కడి నుంచి తేవాలో, ఎందుకు అక్కడి నుంచే తేవాలో, గొంతు ఎండిపోయేదాకా చెప్పాడు.