సరుకు వేడి

ఇనప మంచం పట్టీ మీద స్టీలు గ్లాసు టంగుమని మోగేసరికి సంజీవరావు సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి పళ్లు నూరుకున్నాడు. ఇంకా సరిగా తెల్లవారలేదు. మధ్యగదిలోకి వెళ్లి గోడమీద ఫాను రెగ్యులేటరు తగ్గించి, మంచం వైపు చూడనైనా చూడకుండా వసారాలోని బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. సీసం కరిగి బొట్టు కట్టేలోపల గ్లాసు మళ్లీ మోగింది. ఈసారి పెంచాలి.

మంచంలో ఉన్నది అతని భార్య జయకుమారి. ప్రత్తిపాడు రోడ్డులోని కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఏళ్ల తరబడి మిరపకాయల తొడిమలు తీసింది. ఆ ఘాటు దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని గుంటూరు డాక్టరు ఫిల్ము చూపించి చెప్పాడు. వేసవి చివర్లో మంచం పట్టింది. రోజూ జ్వరం వస్తుంది. వచ్చేటప్పుడు వణుకు, దిగేటప్పుడు ఉక్క. నోరెత్తి పిలిస్తే దగ్గు ముంచుకొస్తుంది గనక గ్లాసుతో పట్టీ మీద కొడుతుంది. కొట్టి కొట్టి గ్లాసు అంచు ఒకచోట సొట్టపోయింది.

సంజీవరావు అదే కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటరు. ఉన్నమాట చెప్పాలంటే కంప్రెషర్లు ఆన్ చేసేవాడు, ఆఫ్ చేసేవాడు. అతన్నడిగితే మాత్రం ఆ భవనమంతా అతని అరచేతిలో నిలబడి ఉంది. బక్కపలచని మనిషి. రంగేసిన మీసం, రంగెయ్యని కనుబొమలు, మండువేసవిలో కూడా విప్పని ఖాకీ స్వెట్టరు, దాన్నిండా అమ్మోనియా వాసన. లోకంలో ఎవరూ అతని కంటికి ఆనరు. రైతులు మొద్దులు, హమాలీలు పశువులు, పాస్టరుగారు మైకు పట్టుకోవడం కూడా రాని మనిషి, కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు తోమా కుర్చీకి పట్టిన చెద. ఇంత గొప్పవాడు సొంతంగా చేసినవేమిటయ్యా అంటే, ట్యాంకు నిండగానే మోటారు ఆపే మిషను ఒకటి, చీకటి పడగానే వెలిగే దీపం ఒకటి. మొదటిది ట్యాంకు నిండకముందే ఆపేసేది. రెండోది పట్టపగలు వెలిగేది. రెండూ అటక మీద గోనెసంచిలో ఉన్నాయి.

ఇది మూడోది. వేడిని బట్టి ఫాను స్పీడును తనంతట తనే మార్చే పెట్టె. భార్య మీద ప్రేమకొద్దీ మొదలుపెట్టాడని వీధిలో కొందరు అనుకున్నారు. పాపం, వాళ్లకి సంజీవరావు తెలియదు. గ్లాసు చప్పుడు వినలేక మొదలుపెట్టాడు. ఫోనులో వీడియోలు చూసి, గుంటూరు వెళ్లి బోర్డూ రిలేలూ కొనుక్కొచ్చాడు. పాత రెగ్యులేటర్లు పగలగొట్టి కెపాసిటర్లు పీకాడు. మొదట చేసిన పెట్టె పెట్టగానే ఫాను గుంయ్‌మని ఒకటే రొద. జయకుమారికి కంటిమీద కునుకు లేదు. ఆ తప్పు అతను ఫాను మీద వేశాడు. ఈసారి చేసినదానిలో రొద లేదు. స్పీడు మారినప్పుడల్లా లోపల రిలే టక్కుమంటుంది, అంతే. ఆ చప్పుడు వసారాలోకి కూడా వినిపిస్తుంది. పెట్టె ముఖాన ఎర్రటి అంకెలు.

వేడిని పసిగట్టే తీగను గోడకు వేలాడదీయమనీ, గది వేడెక్కేకొద్దీ ఫాను జోరందుకుంటుందనీ వీడియోలో కుర్రాడు చెప్పాడు. సంజీవరావు వాడి అజ్ఞానానికి నవ్వుకున్నాడు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ కుక్కిన గోనెబస్తాలను టిక్కీలంటారు. గదిలో గాలి చల్లగా ఉన్నా టిక్కీ నడిమధ్య కాయ వేడెక్కి ఉండవచ్చు. అందుకని అతను స్టీలు ములుకు ఉన్న తీగను టిక్కీ కడుపులోకి గుచ్చి అంకె చూస్తాడు. గాలి వేడి కాదు, సరుకు వేడి చూడాలి. అతనికి వచ్చిన విద్యంతా ఇంతే. ఆ విద్యనే ఇంటికి తెచ్చాడు.

తెల్లగా తెల్లవారాక పాత రెగ్యులేటరు ఊడదీసి పెట్టెను గోడకు బిగించాడు. స్టీలు ములుకును జయకుమారి ఎడమ మోచేతి మడతలో పెట్టి, చీర పీలికతో చుట్టి, పైన ప్లాస్టరు అంటించాడు. ఆమె ఒళ్లు మామూలుగా ఉన్నప్పుడు అక్కడ ఏ అంకె చూపిస్తుందో ముందురోజే చూసిపెట్టుకున్నాడు. దానికి రెండో స్పీడు. జ్వరం పెరిగేకొద్దీ మూడు, నాలుగు, ఐదు. రెండుకి కింద ఒకటీ, ఆఫూ కూడా పెట్టాడు. మామూలు కంటే చల్లబడిన ఒంటికి ఫానుతో పనేమిటని అతను ఆలోచించలేదు. పెట్టెలో మెట్లు ఉన్నాయి గనక వాడుకున్నాడు.

జయకుమారి తీగను చూసుకుంది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. ఎముకలు బయటపడ్డ ముఖంలో కళ్లు మాత్రమే పెద్దవిగా మిగిలాయి.

"అయితే ఇంక రావా?" అని అడిగింది.

"రానక్కర్లేదు. అదేగా ఇందులో గొప్ప" అన్నాడు సంజీవరావు సంతోషంగా. అని, టిఫిన్ క్యారియర్ సైకిలుకు తగిలించుకుని, పక్కింటి కరీమున్‌ను ఓ కన్నేసి ఉంచమని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.

మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. రోడ్డుకి అటూ ఇటూ చేలల్లో మిరపనారు నాటేవాళ్లు నెత్తిన ప్లాస్టిక్ సంచులు కప్పుకుని వంగి ఉన్నారు. వాళ్లను చూసినా సంజీవరావుకి జాలి కలగలేదు. చదువుకుంటే ఈ ఖర్మ ఉండేది కాదు కదా అనుకున్నాడు. తను పదో తరగతి మూడుసార్లు తప్పిన సంగతి ఆ క్షణంలో గుర్తురాలేదు.

మిషన్ రూము మెట్ల మీద నిలబడితే కింద తొడిమలు తీసే షెడ్డు కనిపిస్తుంది. ముఖాలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు ఎర్రటి రాశుల మధ్య కూర్చుని ఉంటారు. జయకుమారి కూర్చునే స్తంభం దగ్గర ఇప్పుడు ఎవరో కొత్త మనిషి. పెళ్లయిన కొత్తలో మధ్యాహ్నం కాగానే ఆమె ఆ మెట్ల కింద నిలబడి క్యారియర్ మూతతో రెయిలింగు మీద కొట్టేది, అన్నానికి రమ్మని. అతను వెంటనే దిగేవాడు కాదు. ఆపరేటరు పనిలో ఉన్నాడని కిందివాళ్లందరికీ తెలియాలి కదా. కాసేపు కొట్టనిచ్చి, అప్పుడు దిగి, క్యారియర్ అందుకుని మళ్లీ పైకెక్కి ఒక్కడే కూర్చుని తినేవాడు. ఆమె షెడ్డులో ఆడవాళ్లతో తినేది. పిల్లలు పుట్టలేదు. ఇద్దరూ కలిసి ఒకే చోట కూర్చుని అన్నం తిన్న రోజు ఏదైనా ఉందా అంటే, పెళ్లి విందు ఒకటి.

ఆ రోజు డ్యూటీలో పెట్టె సంగతి తోమాకి చెప్పాడు. తోమా ఫోనులోంచి తలెత్తకుండా బాగుంది అన్నాడు. టిక్కీలు చూసుకోవడానికి కనిగిరి వైపు నుంచి వచ్చిన రామాంజనేయులు అనే రైతుకీ చెప్పాడు. అతను శ్రద్ధగా విని, దాంతో తేలు కుట్టిన మంట కూడా తగ్గుతుందా అని అడిగాడు. మొద్దులు, అనుకున్నాడు సంజీవరావు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటి సందు మలుపు తిరిగేసరికే ఫాను హోరు వినిపించింది. అతని నడక జోరందుకుంది. లోపల ఫాను అయిదో స్పీడులో గిర్రున తిరుగుతోంది. దానికింద జయకుమారి ముడుచుకుపోయి, పళ్లు టకటక కొట్టుకుంటూ వణుకుతోంది. కరీమున్ తన ఇంటి నుంచి బొంత తెచ్చి కప్పి, తలదగ్గర కూర్చుని ఉంది.

"ఈ ఫాను ఆపు సంజీవన్నా. వదిన వణికిపోతంది. ఎక్కడ నొక్కాలో తెలియక చస్తన్నా" అంది.

సంజీవరావు భార్యను చూడలేదు, అంకెను చూశాడు. జ్వరం బాగా పెరిగింది, ఫాను అయిదులో ఉంది. అంతా తను లెక్కగట్టినట్టే జరుగుతోంది. జ్వరం ఎక్కేటప్పుడు ఒళ్లు కాలుతున్నా మనిషికి చలి వేస్తుందని పిల్లల తల్లులందరికీ తెలుసు. టిక్కీలకు చలి వెయ్యదు గనక సంజీవరావుకి తెలియదు.

"చలేస్తందయ్యా" అంది జయకుమారి.

"నీకు చలి కాదు. అంకె చూడు. ఒళ్లు కాలిపోతుంటే చలంటావేంటి?"

"ఆమెనడగాలి గానీ పెట్టెనడుగుతావేంది?" అంది కరీమున్.

కరీమున్‌కు జవాబు చెప్పడం అతని హోదాకు తక్కువ. జయకుమారి కుడిచేత్తో గ్లాసు తడుముకుని, అతను ఎదురుగా నిలబడి ఉండగానే, పట్టీ మీద కొట్టింది. టంగ్. మళ్లీ టంగ్. ఇన్నాళ్ల శ్రమనీ పెట్టె ముందే వెక్కిరించినట్టయింది అతనికి. చేతిలోంచి గ్లాసు లాక్కున్నాడు.

"ఉంచయ్యా అది" అంది.

"దేనికి? ఫాను దాని సంగతి అది చూసుకుంటుంది."

అతను గ్లాసు తీసుకెళ్లి వంటగదిలో పడేశాడు. కరీమున్ మాత్ర మింగించి, రెండు చెంచాల గంజి పట్టి, బొంతమీద ఇంకో దుప్పటి కప్పి, అతని వైపు చూడకుండా తన ఇంటికి వెళ్లిపోయింది.

సంజీవరావు అన్నం తిని వసారాలో నవ్వారు మంచం మీద నడుం వాల్చాడు. చూరు నుంచి వాన ధార కట్టింది. కాసేపటికి లోపల టక్కుమంది. ఫాను హోరు ఒక మెట్టు దిగింది. మాత్ర పనిచేస్తోంది, జ్వరం దిగుతోంది, పెట్టె పట్టేసింది. ఇంకాసేపటికి మళ్లీ టక్. అతను ఆగలేక తోమాకి ఫోను చేసి, లైన్లో ఉండమని, ఫోనును గుమ్మం వైపు చాపి పట్టుకున్నాడు. మరో టక్ వినిపించింది. ఫాను రెండుకి వచ్చింది. విన్నావా అంటే, వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదని తోమా పెట్టేశాడు. కుర్చీకి పట్టిన చెద.

ఫాను రెండో స్పీడులో మెల్లగా తిరుగుతోంది. గ్లాసు చప్పుడు లేదు. దగ్గు లేదు. ఇన్ని నెలల్లో ఇంత ప్రశాంతమైన మధ్యాహ్నం అతను ఎరగడు. ప్రశాంతత తన చేతిపని అనుకుని కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ టక్కుమనేసరికి మెలకువ వచ్చింది. ఫాను ఒకటికి దిగింది. దిగకూడదే, రెండు దగ్గర ఆగాలి కదా అనుకున్నాడు. వెంటనే కారణం తట్టింది. తీగ పీకేసి ఉంటుంది. గ్లాసు తీసేశాననే ఉక్రోషం. లోపలికెళ్లి ఏమేం తిట్టాలో పడుకునే వరుసగా పేర్చుకున్నాడు. పేర్చుకోవడంలో ఉన్న సుఖానికి లేవడం ఆలస్యమైంది. చివరి టక్ వినిపించింది. రెక్కలు నెమ్మదించి, కిర్రుమని ఒక మూలుగు మూలిగి ఆగిపోయాయి. అప్పుడు లేచాడు.

తీగ పెట్టినచోటే ఉంది. ప్లాస్టరు చెక్కుచెదరలేదు. ముందు దాన్ని చూశాడు, తర్వాత పెట్టె మీద అంకె చూశాడు. ఆ తర్వాతే ఆమె ముఖం చూశాడు. మోచేతి మీద తన చెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. అంకె తప్పు కాదు. సంజీవరావు తన జన్మలో చేసినవాటిలో సరిగ్గా పనిచేసింది అదొక్కటే.

ఆమె కుడిచెయ్యి దుప్పటి బయటికి వచ్చి పట్టీ మీద ఉంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎర్రగా రేగి ఉంది. ఇనుము మీద వేలి ఎముకకు ఎంత చప్పుడు వస్తుంది? వసారా దాకా రాలేదు.

అతని కేక విని కరీమున్ పరుగెత్తుకొచ్చేసరికి అతను మంచం పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు.

"రెండు దగ్గర ఆగాలమ్మా. ఆగలేదు" అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. కరీమున్ ప్లాస్టరు ఊడదీసి, తీగను పక్కకు విసిరేసి, చెంగుతో ఆమె కళ్లు మూసింది.

మర్నాడు వాన వెలిసి గదంతా ఆవిరి కమ్మింది. వచ్చినవాళ్లందరూ చెమటలు కక్కుతూ ఫాను వెయ్యండయ్యా అన్నారు. గోడమీద రెగ్యులేటరు లేదు. నేలమీద పడి ఉన్న తీగ గది వేడినే చూస్తోంది, ఫాను తిరగాలంటే ఒంటి వేడి కావాలి. పాస్టరుగారు పాటల పుస్తకంతో విసురుకుంటూనే ప్రార్థన ముగించారు. సంజీవరావు స్వెట్టరు విప్పకుండా గోడకానుకుని నిలబడ్డాడు, ఎవరికీ ఏమీ వివరించలేదు. సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక జనం ఎవరిదారిన వాళ్లు వెళ్లిపోయారు.

చీకటి పడకముందే కరీమున్ వంటగది కడిగి, గిన్నెలన్నీ తోమి అరమీద బోర్లించి వెళ్లింది. మిగిలిన గ్లాసులన్నీ చక్కగా ఆని ఉన్నాయి. ఒక గ్లాసు మాత్రం సొట్టపోయిన అంచు మీద సరిగా ఆనలేక, ఒక పక్కకి కొద్దిగా ఒరిగి ఉంది.